టౌనులో కలిసిపోవడమంటే కులం దాచుకోవడమేనా?

పెద్ద పట్నం నుంచి చిన్న టౌనుకు ఉద్యోగం మీద వచ్చేవాడికి అందరూ ఒకటే సలహా ఇస్తారు. "ఇది హైదరాబాదు కాదండీ, ఇక్కడ అందరితో కలిసిపోవాలి" అంటారు. సలహా ఇచ్చేవాడు చెడ్డవాడేం కాదు. మంచినీళ్ళ పంపు ఎన్నింటికి వస్తుందో, ఏ కొట్టులో బియ్యం బాగుంటాయో, ఏ డాక్టరు నమ్మకస్తుడో కూడా అతనే చెప్తాడు. కానీ ఆ మాట మిగతావాళ్ళకు చెప్పినప్పుడు ఒక అర్థం, మనకు చెప్పినప్పుడు ఇంకో అర్థం. మిగతావాళ్ళకు కలిసిపోవడమంటే నలుగురితో మాట్లాడటం, నాలుగు పెళ్ళిళ్ళకు పోవటం. మనకు కలిసిపోవడమంటే మనమెవరో తెలియకుండా బతకటం. మిత్రులారా, ఈ తేడా గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

నేను పదిహేనేళ్ళు హైదరాబాదులో ప్రైవేటు బళ్ళలో పాఠాలు చెప్పినవాణ్ణి. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి. ఎస్సీలకు వయసు సడలింపు ఉండబట్టి నలభై దాటిన నాలాంటివాళ్ళు చాలామంది ఇదే ఆఖరి అవకాశమని రాశారు. నాకు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, సర్కారు జీతం తీసుకున్న మొదటివాణ్ణీ నేనే. బడికి దగ్గర్లో ఉన్న మున్సిపల్ టౌనులో ఇల్లు చూసుకుందామని ఆలుబిడ్డలతో దిగాను. ఆ టౌను పేరు రాయటం లేదు. రాస్తే ఆ ఒక్క ఊరికి పట్టిన జబ్బు అనుకుంటారు. పేరు తీసేస్తే ఎవరి టౌను వాళ్ళకు కనిపిస్తుంది.

ఇరవై రోజుల్లో తొమ్మిది ఇళ్ళు చూశాం. తొమ్మిది చోట్లా మాటల వరస ఒకటే. "ఏ ఊరు?" అని మొదలు. తర్వాత "ఆ ఊళ్ళో ఎవరి తాలూకు?" ఆ తర్వాత "ఇంటిపేరేంటి?" దాంతో తేలకపోతే "నీసు తింటారా?" అడిగేవాడూ కోడికూర తినేవాడే. వాడు అడిగేది కోడి గురించి కాదు, పెద్దమాంసం గురించి. అప్పటికీ తేలకపోతే "ఆదివారం చర్చికేమైనా పోతారా?" అన్నిటికంటే తీయని ప్రశ్న ఇంకోటుంది, "మనోళ్ళేనా?" అని. ఆ రెండు అక్షరాల "మనో"లో మనం లేమని వాడికీ తెలుసు, మనకూ తెలుసు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. వెంటనే ఆయన తమ్ముడు వచ్చే నెల ఊరినుంచి దిగుతున్నట్టు గుర్తొచ్చేది. ఇంకొకాయనకు ఇంటికి సున్నం వేయించాల్సిన పని గుర్తొచ్చేది. "మీకివ్వం" అని ఒక్కరూ అనలేదు. ఎస్సీ అన్న మాట కూడా నోటెంట రాలేదు. ఇవాళ కులం ఎంత మర్యాదగా మాట్లాడుతుందో చూడండి!

"మరి హైదరాబాదులో కులం లేదా?" అని అడుగుతారు. ఎందుకు లేదు? 2016 జనవరిలో హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి గెంటేసిన అయిదుగురు విద్యార్థులు ఆరుబయట "వెలివాడ" పెట్టుకుని పడుకున్నది ఆ పట్నంలోనే. వాళ్ళలో రోహిత్ వేముల ప్రాణం పోయింది కూడా అక్కడే. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ మీద సుఖదేవ్ థోరట్, ఆయన తోటి పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ఇల్లడిగినవాడి పేరు దళితుడిదో ముస్లిందో అయితే తలుపులు ఎట్లా మూసుకుంటాయో అందులో తేల్చి చెప్పారు. కాబట్టి పట్నం స్వర్గమని నేను అనటం లేదు.

అయినా తేడా ఉంది. పట్నంలో చాలా ఇళ్ళకు ఓనరు ఇంకెక్కడో ఉంటాడు, బ్రోకరు చేతిలో తాళం ఉంటుంది. ఒకటో తారీఖున అద్దె పడితే చాలు. ఒక ఇల్లు కాకపోతే పక్క వీధిలో ఇంకో యాభై ఉంటాయి. ఎవరికి ఎవరూ తెలియకపోవటమే అక్కడ మనకు దొరికే కాస్త నీడ. టౌనులో ఓనరు కింద ఉంటాడు, మనం మేడ మీద ఉండాలి. మోటారు ఒకటే, మెట్లు ఒకటే, వాకిలి ఒకటే. ఆ ఇల్లు ఎవరిది? పల్లెలో పొలమున్నవాళ్ళు టౌనుకొచ్చి ఎరువుల కొట్టో, రైసు మిల్లో పెట్టి కట్టుకున్నది. పల్లెలో ఎవరి వీధి ఎటుందో టౌనులోనూ చాలాచోట్ల అట్లాగే ఉంది. ఎవరి బజారు వాళ్ళది, మన పేట కాలవ అవతల. చుట్టుపక్కల ప్రతి ఊళ్ళో వాళ్ళకు చుట్టాలుంటారు. రెండు ఫోన్లు చేస్తే మన మూడు తరాల చరిత్ర వాళ్ళ చేతికొస్తుంది. దుకాణాలు పట్నంవి, వీధులు పల్లెవి. టౌనంటే ఇదీ!

ఈ బాధ మనతో మొదలు కాలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో న్యూయార్కు పోయి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. అక్కణ్ణుంచి లండను పోయాడు. ప్రపంచంలోని రెండు మహానగరాల్లో బతికి 1917లో ఉద్యోగం కోసం బరోడా వచ్చాడు. ఆ ఊళ్ళో ఆయనకు ఉండటానికి గది దొరకలేదు. చివరికి ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున డజను మంది కర్రలు పట్టుకుని వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. స్నేహితులిద్దర్ని అడిగితే వాళ్ళకూ ఇంట్లో ఏదో ఒక ఇబ్బంది వచ్చిపడింది. ఆయన పార్కులో కూర్చుని, రాత్రి బండెక్కి బొంబాయి వెళ్ళిపోయాడు. ఈ సంగతి తర్వాత ఆయనే స్వయంగా రాశాడు. అంత చదువున్న మనిషికి మారుపేరు కాపాడిన రోజులు ఎన్నో లెక్కపెట్టండి. పదకొండు కూడా నిండలేదు.

నూరేళ్ళు దాటినా మన ఉద్యోగులు చాలామంది ఇంకా ఆ పదకొండు రోజుల్లోనే బతుకుతున్నారు. నాకు తెలిసిన కుటుంబాలున్నాయి. ఇంటిపేరులో మొదటి అక్షరం ఒక్కటే బోర్డు మీద రాయించుకుంటారు. అంబేద్కర్ పటం లోపలి గదిలో, బీరువా పక్కన పెడతారు. ఊరి నుంచి అమ్మానాన్నా వస్తామంటే పండక్కి మేమే వస్తాంలే అంటారు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఇల్లు లేకుండా ఉద్యోగం ఎట్లా చేస్తారు? దొంగతనం దాచుకున్నవాడిది కాదు, దాచుకునేలా చేసినవాడిది.

కానీ పంతులుగా నాకు కనిపించేది ఒకటి చెప్పాలి. ఆ ఇళ్ళలో బరువు మోసేది పిల్లలు. "ఎవరన్నా అడిగితే మాకు తెలియదని చెప్పు" అని ఎనిమిదేళ్ళ పిల్లకు నేర్పుతారు. ఆ పిల్ల తరగతిలో స్కాలర్‌షిప్పు ఫారాలు ఇచ్చేటప్పుడు చెయ్యెత్తదు. నాయనమ్మ ఊరి పేరు అడిగితే గోళ్ళు కొరుక్కుంటుంది. మనం అద్దె ఇంటికి డబ్బుతో పాటు ఆ పిల్ల మాట కూడా కడుతున్నాం. తర్వాత బరువు ఆడవాళ్ళది. మగవాడు పొద్దున్నే బడికో ఆఫీసుకో పోతాడు. రోజంతా ఆ వాకిట్లో ఉండేది ఆడమనిషి. శ్రావణమాసంలో పేరంటం పిలుపు పక్కింటి దాకా వచ్చి, మన గుమ్మం దాటి, అవతలి ఇంటికి పోతుంది. ఆ సాయంత్రం ఆమెను ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనకపోవటమే ఆమెకు చెప్పిన మాట.

మరి దాచుకోకుండా టౌనులో చోటు సంపాదించినవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళకు డిగ్రీలు లేవు, జీతాలు లేవు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపితే, మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరారు. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వాళ్ళెవరో చీరాలలో తెలియనివాడు లేడు. తిరిగి ఊరికి పోమని తేల్చి చెప్పి, ఆ టౌనులోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది తెనాలిలో. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపినప్పుడు మనవాళ్ళు పరుగెత్తి చేరింది కూడా ఆ తెనాలికే. కట్టుబట్టలతో వచ్చిన కూలీ జనం తమ పేరుతో, తమ కులంతో, తమ జెండాతో ఆ టౌన్లలో నిలబడ్డారు. వాళ్ళు ఒంటరిగా ఇల్లు అడగలేదు, గుంపుగా చోటు అడిగారు. నెల జీతం వచ్చే మనకు ఈ పాఠం ఎందుకు ఎక్కదు?

ఎందుకంటే పట్నం నుంచి వచ్చే మనలో కూడా ఒక రోగం ఉంది. దిగగానే కాలనీ వైపు చూస్తాం, పేట వైపు చూడం. "పిల్లల చదువు" అంటాం, "వాతావరణం" అంటాం. నాకు పదో ఇల్లు పేటలోనే దొరికింది. మున్సిపాలిటీలో పారిశుధ్య పని చేసి రిటైరైన పెద్దాయన ఇంటి మేడ మీద రెండు గదులు. ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: "మాస్టారూ, సాయంత్రం పూట మా పిల్లలకి నాలుగు ముక్కలు చెప్తారా?" ఇవాళ ఆ మేడ మీద పద్దెనిమిది మంది పిల్లలు కూర్చుంటున్నారు. నా భార్యను "వదినా" అని పిలిచే గొంతులు ఆ వీధిలో డజను ఉన్నాయి.

అట్లాగని అందరూ పేటలోనే ఉండండి అని నేను చెప్పటం లేదు. అది ఊరు చెప్పే మాట. పేటలో ఉండటం మన ఇష్టం కావాలి, గతిలేనితనం కాకూడదు. సర్కారు ఇచ్చే ఇంటద్దె అలవెన్సు కులం చూసి ఇవ్వరు. అది తీసుకుని పోయి అడిగే ఇల్లు మాత్రం కులం చూసి ఎందుకివ్వాలి? కాబట్టి పేటలో వేరు పెట్టుకుందాం, టౌనంతా కొమ్మలు వేద్దాం.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టంలో 4వ సెక్షన్ ఉంది. అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా సరే నివాస గృహం కట్టుకోకుండా, కొనుక్కోకుండా, అందులో ఉండకుండా అడ్డుపడితే నేరమని అది చెప్తుంది. నెలకు తగ్గకుండా ఆరు నెలల దాకా జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా భావించాలని 12వ సెక్షన్ అంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడు. "నా ఇల్లు నా ఇష్టం" అని ఓనరంటాడు, పోలీసూ తలూపుతాడు. తమ్ముడొస్తున్నాడన్న అబద్ధాన్ని అబద్ధమని చూపించటం తేలిక కాదు. ఒక్కడు పోతే కేసు నిలబడదు. పదిమంది తేదీలు వేసి, వీధి పేరు వేసి, ఏమడిగారో రాసి పెడితే అది కాగితం అవుతుంది.

అందుకే సంఘాలు నడిపే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా మనవి. ప్రతి టౌనులో మనవాళ్ళవీ, మనతో కలిసొచ్చే ముస్లిం, బీసీ, ఇతర కుటుంబాలవీ ఖాళీ ఇళ్ళ జాబితా ఒకటి పెట్టండి. బదిలీ మీద నర్సమ్మ వచ్చినా, కండక్టరు వచ్చినా, పంతులు వచ్చినా మొదటి వారంలోనే పోయి పలకరించండి. వాళ్ళ కులం వాళ్ళనోట రాకముందే మీ పేరు మీరు చెప్పండి. ఇల్లు కాదన్న సంగతులు ఒక పుస్తకంలో రాయండి. ప్రతి నెలా 30న అధికారులు పల్లెలో పౌర హక్కుల దినం జరుపుతారు కదా, దాన్ని టౌను వార్డుల్లో కూడా పెట్టమని ఎమ్మార్వోకు అర్జీ ఇవ్వండి. పల్లెలో రెండు గ్లాసుల గురించి అడిగినట్టే, టౌనులో "టూ లెట్" బోర్డు గురించీ అడగాలి. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకొకసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ ముందుకు ఆ పుస్తకం పోవాలి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మిత్రులకు ఇంకొక్క మాట. సామాను విప్పిన రోజునే అంబేద్కర్ పటం ముందు గది గోడకు కొట్టండి. చూసినవాడు చూడనీ. రావాలనుకున్నవాడు అది చూసే వస్తాడు, రానివాడు ఎప్పటికీ మనవాడు కాడు. మన పిల్లలు తమ పేరు గట్టిగా చెప్పుకునే వీధిలోనే మనం కలిసిపోయినట్టు లెక్క. అట్లాంటి వీధులు లేకపోతే చేసుకోవాలి. చీరాలలో చేసుకున్నారు, మనమూ చేసుకుందాం.

జై భీమ్!