కారు మాట్లాడొచ్చు, నీతులు చెప్పొద్దు

నేను సిటీ బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. పటాన్‌చెరు–కోఠి 218లో సాయంత్రం పూట అమీర్‌పేట దాటడమంటే ఏమిటో ఆ స్టీరింగ్ పట్టినవాళ్లకే తెలుసు. ఇప్పుడు కార్లే డ్రైవర్ గొంతులో కోపం పసిగట్టి, మాటలతో చల్లబరుస్తాయట. మంచిదే. ఏం మాట్లాడతాయన్నదే నా పేచీ.

మూసాపేట దగ్గర రాంగ్ రూట్లో ఆటో ఎదురొస్తుంది. బ్రేకు తొక్కి గుండె దడదడలాడుతుంటే ‘దయచేసి ప్రశాంతంగా ఉండండి’ అని కమ్మటి గొంతొకటి పలికితే ఒళ్లు మండదా? మా ఆవిడ చెప్తేనే మండుతుంది!

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు క్లిఫర్డ్ నాస్ బృందం 2005లోనే ఈ సంగతి పరీక్షించింది. సిమ్యులేటర్ మీద నడిపించి చూస్తే, మనసు బాగోలేనివాళ్లు హుషారు గొంతు వింటూ ఎక్కువ ప్రమాదాలు చేశారు, నెమ్మదైన గొంతు వింటూ తక్కువ చేశారు. 2011లో నాస్ మరొకరితో కలిసి చేసిన ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. చిరాకు పుట్టినప్పుడల్లా, ఎవరో కావాలని చేసింది కాదు, పరిస్థితే అలా ఉందని కారు చెప్పింది. డ్రైవర్ల చిరాకు తగ్గింది, బండీ మెరుగ్గా నడిపారు.

మా కండక్టర్లకు ఈ విద్య ఎప్పుడో తెలుసు. ముందు బస్సు కదలక నేను హారన్ మీద చెయ్యి తీయకపోతే వెనక నుంచి కేక వచ్చేది: ‘అన్నా, ముసలామె దిగుతుందే, జర ఆగు!’ కోప్పడొద్దని ఒక్కనాడూ అనలేదు. సంగతి తెలియగానే నా చెయ్యి దానంతటదే కిందికి దిగేది.

కార్ల కంపెనీలు ఆ పని చేస్తే చాలు. ఎర్రగడ్డలో నీళ్లు నిలిచాయి, పది నిమిషాలు పడుతుంది అని చెప్పాలి. వెనక అంబులెన్స్ వస్తోంది, ఎడమకు జరుగు అని చెప్పాలి. అదీ పుస్తకాల తెలుగులో కాదు, మా రూటు తెలుగులో. రోజు కిరాయి గిట్టుబాటు కాని క్యాబ్ తమ్ముడి కోపం దీంతో తీరదు, అది వేరే లెక్క.

కండక్టర్ లేకుండా టికెట్లు కూడా డ్రైవరే కొట్టే బస్సుల్లో ముందు ఈ మాట్లాడే గొంతును పెట్టి చూడమనండి. అక్కడ మాట సాయానికి మనిషే లేడు. కాకపోతే ఎవరు ఎన్నిసార్లు తిట్టారో డిపో మేనేజర్‌కు లెక్క వెళ్లిందా, కోపం పసిగట్టే ఆ మైకు వైరు తెంపేది మావాళ్లే.