చర్చి దగ్గర ఆగుతారు, గుడి దగ్గర ఆగుతారు... మన గూడెంలో ఆగేదెవరు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మన భద్రాచలం ఏజెన్సీకి బయటి దేశాల నుంచి వచ్చే మిషనరీ దంపతుల యాత్ర ఎలా సాగుతుందో మనలో చాలామందికి తెలుసు. పొద్దున సంఘస్తుల ఇళ్లు. ప్రార్థన, చాయ్, ఫొటో. ఆ తర్వాత రాములవారి గుడి, పర్ణశాల, సీత చీర ఆరేసిన గుర్తులని చూపించే రాళ్లు. సాయంత్రానికి బండెక్కి వెళ్లిపోతారు. ఇంటికి రాసుకునే ఉత్తరాల్లో చర్చి విశ్వాసులు ఒకవైపు, హిందూ వారసత్వం ఇంకోవైపు ఉంటాయి.

వాళ్లని తిట్టడానికి ఈ పోస్టు పెట్టడం లేదు. వచ్చినోళ్లకి అన్నం పెట్టి పంపడం మన పద్ధతి. మేము అడిగేది ఒక్కటే. ఆ చర్చికీ ఆ గుడికీ మధ్య దారంతా కోయ గూడేలే కదా, అవి యాత్రలో ఎందుకు లేవు? వాళ్ల సంగతి సరే, మన కళ్లకి కూడా ఎందుకు ఆనకుండా పోతున్నాయి?

ఈ దారి పాతదే. కాటన్ దొర కాలంలో గోదావరి మీద పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు జరిగాయి. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్, కోయల కోసం మిషన్ పెట్టాలని పట్టుబట్టాడు. అలా వచ్చిన చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున 1870లలో జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో పనిచేశాడు. ఊరూరూ తిరిగాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుంచి 'ఇండియన్ ఆంటిక్వరీ'లో వ్యాసాలు రాశాడు. 1909లో థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి సంపుటాలు అచ్చేసినప్పుడు కోయల భాగంలో కెయిన్ రాతల్ని బాగా వాడుకున్నాడు. మన పెళ్లిళ్లు, చావులు, వేల్పుల గురించి అచ్చులో దొరికే పాత రాతల్లో ఇవి ముఖ్యమైనవి. తప్పకుండా చదవాలి.

కానీ మనల్ని మార్చడానికి వచ్చిన మనిషి కంటితో చూసి రాసినవి అవి. ఆ మాట గుర్తుపెట్టుకుని చదవాలి. ఆ కాలంలో ఇక్కడ ఇంకేం జరుగుతోందో కూడా తెలియాలి. ఈ తాలూకాలు 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వాళ్ల చేతికి పోయాయి. 1874లో మద్రాసు కిందికి వచ్చాయి. వచ్చాక పోడు మీద పన్ను దాదాపు 3 రెట్లు పెరిగింది, కొన్ని అడవుల్లో పోడు కొట్టొద్దన్నారు. 1879లో రంప పితూరీ రేకపల్లి దాకా పాకింది. ఈ పన్ను సంగతి వదిలేసి మన ఆచారాలు మాత్రమే చదివితే, మన తాతలు వింత మనుషుల్లాగే కనిపిస్తారు.

గుడి వైపు చూద్దాం. భద్రాచలం స్థల పురాణంలో రాముణ్ణి మొదట చూసింది పోకల దమ్మక్క, ఆదివాసీ ఆడబిడ్డ. ఆ తర్వాత 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న గుడి కట్టించాడు, రామదాసు అయ్యాడు. ఆయన కథ అందరికీ వచ్చు. దమ్మక్క పేరు ఎంతమందికి తెలుసు? చర్చి కథలో మనం వాక్యం అందుకున్నవాళ్లం, గుడి కథలో దేవుణ్ణి చూపించి పక్కకి జరిగినవాళ్లం. రెండిట్లోనూ మనం మొదటి పేజీలోనే ఆగిపోతాం.

బాధ ఏందంటే, ఈ రెండు కథల్ని పట్టుకుని ఇప్పుడు మనమే కొట్టుకుంటున్నాం. ఒకే హాస్టల్లో ఒకే గిన్నెలో తిన్నవాళ్లు "మీరు చర్చికి పోతారు, మీకు ఎస్టీ ఎందుకు" అంటున్నారు. ఇటు నుంచి "వేల్పు దగ్గరికి పోతే పాపం" అంటున్నారు. డీలిస్టింగ్ మాట వాట్సాప్‌లో రోజూ తిరుగుతోంది. ముందు చట్టం చూడండి. ఎస్సీల 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీల 1950 ఉత్తర్వులో లేదు. 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు, తెగ ఆచారాలు పాటిస్తున్నారా లేదా చూడాలి అంది.

ఈ తీర్పు రెండు వైపులకీ తగులుతుంది. చర్చికి పోయే తమ్ముడి సర్టిఫికెట్ లాక్కునే హక్కు మనకి లేదు. అట్లాగే వేల్పుని, పండుగని పూర్తిగా వదిలెయ్యమని చెప్పే పాస్టరు గారు తన సంఘస్తులకే నష్టం చేస్తున్నారు. మాకు తెలిసిన ఇళ్లలో ఆదివారం ఆరాధనకి పోయేవాళ్లు కూడా గట్టు చూడకుండా సంబంధం కలుపుకోరు. మూడో గట్టా, ఐదో గట్టా అని అడిగాకే మాట ముందుకు పోతుంది. ఆ గట్టు చర్చి ఇచ్చిందీ కాదు, గుడి ఇచ్చిందీ కాదు.

మనం ఇట్లా తన్నుకుంటుంటే అసలు సంగతులు పక్కకి పోతున్నాయి. 1/70 చట్టం ఉన్నా భూములు చేతులు మారుతున్నాయి. పోడు పట్టాల కోసం మనోళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. కెయిన్ దొర రాసిన రేకపల్లి ఇవాళ వీఆర్ పురం మండలంలో ఉంది. 2014లో ఆంధ్రాలో కలిపిన పోలవరం ముంపు మండలాల్లో అదొకటి. నీళ్లు వస్తే విశ్వాసి ఇల్లు, భక్తుడి ఇల్లు అని చూసి ఆగవు.

అందుకే మన యాత్ర మనం మొదలుపెడదాం. మణుగూరు వైపు కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల చరిత్రని కోయలో, తెలుగులో పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అలాంటి పెద్దలు ఇంకా ఉన్నారు, ఎక్కువ మంది లేరు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ పెర్మ దగ్గర, డోలోళ్ల దగ్గర కూర్చోండి. గట్టు, వేల్పు కథ, విజ్జ పండుగ ఎట్లా చేస్తారో ఫోన్లో రికార్డు చేయండి. కోయ మాటల్ని తెలుగు లిపిలో రాసి గ్రూపులో పెట్టండి. చర్చికి పోయే అమ్మమ్మ దగ్గర కూడా రికార్డు చేయండి, ఆమెకి ఆ పాటలు వచ్చు.

రేపు ఇంకో దంపతులు వస్తారు. రానివ్వండి, చాయ్ ఇవ్వండి. మా గూడెం కూడా చూసి పోండి అని చెప్పండి. చూపించడానికి, చెప్పడానికి మన దగ్గర మన మాట ఉండాలి.

మీ గట్టు, మీ వేల్పు పేరు కింద కామెంట్‌లో రాయండి. మతం ఎవరూ అడగొద్దు.

జై ఆదివాసీ!