షేరు పెరిగింది సరే, ఆ వడ్డీ కట్టిందెవరు?

కేబీ ఫైనాన్షియల్ గ్రూప్ దక్షిణ కొరియాల అన్నిటికంటే పెద్ద బ్యాంకింగ్ సంస్థ. కూక్మిన్ బ్యాంకు దీనిదే. 2024ల దీని షేరు 50 శాతం కంటే ఎక్కువ పెరిగింది. ఆ ఏడు లాభం 5 లక్షల కోట్ల వాన్ దాటింది. మన లెక్కల దగ్గర దగ్గర 30 వేల కోట్ల రూపాయలు. అక్కడ ఏ ఫైనాన్స్ గ్రూపూ అంతకుముందు అంత సంపాదించలే. అందరూ రికార్డు అన్నరు. నేను అడిగేది ఒక్కటే: ఆ పైసలు ఎవరియి, ఎవరికి పోతున్నయి?

ముందుగాల షేరు ఎందుకు పెరిగిందో సూద్దాం. కొరియా బ్యాంకుల షేర్లు ఏండ్ల సంది అగ్గువకే పడి ఉండె. పుస్తకాల్ల వంద విలువ ఉంటే బజార్ల యాభై కూడా పలకకపోయేది. 2024 ఫిబ్రవరిల సర్కారు 'వాల్యూ-అప్' పథకం తెచ్చింది. వాటాదారులకు ఎక్కువ పంచుండ్రి, షేరు విలువ పెంచుండ్రి అన్నది. అక్టోబర్ల కేబీ మాటిచ్చింది: మూలధనం నిష్పత్తి 13 శాతం దాటితే ఆ పైది వాటాదారులకే అని. కొంత డివిడెండ్ ఇచ్చుడు, కొంత సొంత షేర్లు కొని రద్దు చేసుడు. షేరు లక్ష వాన్ దాటింది.

ఇగ రెండో దిక్కు సూడుండ్రి. ఆ ఏడు కేబీకి వడ్డీల మీద మిగిలిన నికర ఆదాయం 12.8 లక్షల కోట్ల వాన్. కొరియా కుటుంబాల అప్పు ఆ దేశ జీడీపీల 90 శాతం దాకా ఉంటది. అండ్ల ఎక్కువ ఇండ్ల కోసం తెచ్చిందే. వడ్డీ కట్టేది నెల జీతగాళ్లు. కేబీ షేర్లల్ల 70 శాతానికి పైన ఉన్నది విదేశీ మదుపరుల చేతుల్ల. కొరియా పెన్షన్ ఫండ్‌కు కూడా వాటా ఉన్నది గని, అది చిన్నదే.

2025 జులైల అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ బ్యాంకుల మీద గరమైండు. ఇండ్ల లోన్ల వడ్డీతోని సులువుగ సంపాదించుడు కాదు, కొత్త పరిశ్రమలకు పైసలు పెట్టుండ్రి అన్నడు. బ్యాంకు షేర్లు పడ్డయి.

ఆయన మాట నిజమే. కానీ మెలిక ఈడనే ఉన్నది. ఇల్లు తాకట్టున్న లోనుకు బ్యాంకు తక్కువ మూలధనం పక్కకు పెడితే సాలు. చిన్న కంపెనీకి ఇస్తే ఎక్కువ పెట్టాలె, నిష్పత్తి తగ్గుతది. 13 శాతం కాపాడాలె, వాటాదారులకు పంచాలె అన్నంక ఏ మేనేజరైనా ఇండ్ల లోన్ల దిక్కే పోతడు. పంచుమన్నదీ సర్కారే, పరిశ్రమలకు పెట్టుమన్నదీ సర్కారే. తిట్టుడు కాదు, ఆ మూలధనం లెక్క మార్చాలె.

షేర్లు కొనుడు తప్పని నేననను. కొనేముందు ఆ లాభం ఏడికెళ్లి వచ్చిందో సూడుండ్రి. బర్రె పాలు మస్తు ఇచ్చిందని మురిసేటోళ్లు, దుడ్డెకు మిగిలిందా అని కూడా అడగాలె.