రైతు బజారులో రైతెవరు?

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలైనప్పుడు పాలకులు చెప్పింది ఒక్కటే: నడుమ దళారి ఉండడు, పండించినవాడే అమ్ముకుంటాడు. టోకు ధరకు కొంత పైన, చిల్లర ధరకు కొంత కింద రేటు కట్టి బోర్డు మీద రాసే పద్ధతి మంచిదే. మండీలో కమీషను, హమాలీ, కాటా ఖర్చులు పోగా మిగిలేదానికంటే ఇక్కడ నాలుగు డబ్బులు ఎక్కువ దక్కుతాయి. రైతు బజార్లు వద్దని మేము అనడం లేదు. అక్కడ తక్కెడ పట్టుకు కూర్చునే హక్కు ఎవరికి ఉందన్నదే మా ప్రశ్న.

పళ్ల సంగతే చూద్దాం. మామిడి తోటలు చాలాచోట్ల పూత మీదనో పిందె మీదనో గుత్తకు పోతాయి. ఆసామి అడ్వాన్సు పుచ్చుకుంటాడు. గుత్తేదారు కాయ కోయించి లారీ కెత్తిస్తాడు. కూలికి ఆ రోజు కూలి తప్ప మరేం దక్కదు. ఈ లారీ సరుకును రైతు బజారు మోయలేదు. 2025లో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చింది. ఆ పోరాటం ఫ్యాక్టరీ గేటు కాడ జరగాల్సిందే.

రైతు బజారు పనికొచ్చేది గంప సరుకుకు. ఆ గంప ఎవరిది? పెరట్లో రెండు జామచెట్లు, ఒక బొప్పాయి చెట్టు ఉన్న కూలి కుటుంబానిది. పాలమూరు గుట్టల్లో సీతాఫలాలు తెంపుకొచ్చే ఆడవాళ్లది. అర ఎకరం కౌలుకు చేసుకునేవాడిది. సీతాఫలం కన్ను విచ్చిందంటే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. బేరగాడికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే సాయంత్రం దాకా బేరం తేల్చడు. నిలవ చేసుకునే జాగా లేనివాళ్లు అతనన్న ధరకే గంప దింపాలి.

రైతు బజారు అందరికంటే వీళ్లకే అవసరం. తీరా గుర్తింపు కార్డుకు పోతే భూమి కాగితం చూపమంటారు. 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తామంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ఆసామి ఒప్పుకొని సంతకం పెడితేనే కార్డు అంది. తెలంగాణలో 2018లో తెచ్చిన రైతుబంధు పట్టాదారుకు అందింది గాని కౌలుదారుకు అందలేదు. సర్కారు లెక్కలో రైతంటే పాసుపుస్తకం ఉన్నవాడే! కార్డు ఆసామిది, కొట్లో కూర్చున్నది మారుబేరగాడు అన్న ఫిర్యాదులు పుట్టేదీ ఇందుకే.

కార్డు దొరికినా ఇంకో చిక్కుంది. ఒక లెక్క వేద్దాం. గంపలో 20 కిలోల జామకాయలు ఉన్నాయనుకోండి. మండీలో కిలో 20 చొప్పున 400 రూపాయలు. రైతు బజారులో 28 చొప్పున 560. ఎక్కువ వచ్చేది 160. బస్సు చార్జీ, పోగొట్టుకున్న ఆ రోజు కూలి తీసేస్తే మిగిలేది నష్టమే. ఒక్కొక్క గంపకు ఒక్కొక్క మనిషి పోతే గిట్టదు. అయిదిళ్ల గంపలు ఒకరే తీసుకుపోతే ఎక్కువ వచ్చేది 800. పోయినామె కూలి, చార్జీలు అందులోంచే ఇచ్చి, మిగిలింది పంచుకోవచ్చు. డ్వాక్రా సంఘాలకు రైతు బజార్లలో స్టాళ్లు ఇచ్చిన పద్ధతి ఉండనే ఉంది. కూలి స్త్రీల జట్లకు అదే పద్ధతిన చోటు ఇవ్వడానికి అడ్డేమిటి?

కనుక మన కోర్కెలు మూడు. పట్టా చూసి గాక, సాగు చూసి కార్డు ఇవ్వాలి. చెట్టు ఎవరు పెంచారో, గుట్టెక్కి పండు ఎవరు తెచ్చారో ఊరందరికీ తెలుసు, గ్రామసభ రాసిచ్చిందే రుజువు కావాలి. జట్టుకు ఒక కార్డు, ఒక తక్కెడ ఇవ్వాలి. కార్డుదారుడి పేరున వ్యాపారి కూర్చుంటే ఆ చోటు తీసి కౌలుదారుకో కూలి జట్టుకో ఇవ్వాలి.

అడక్కుండా ఇవేవీ రావు. వినాయక చవితి నాటికి సీతాఫలం దిగడం మొదలవుతుంది. ఆలోగా ప్రతి ఊళ్లో పెరటి చెట్లున్న ఇళ్లు, కౌలుదారులు, పళ్లు ఏరే ఆడవాళ్ల జాబితా రాయాలి. గ్రామసభలో చదివించి తీర్మానం చేయించాలి. ఆ కాగితం పట్టుకుని పదిమందిమి కలిసి పోతే, మీరు రైతులు కారని మొహం మీద చెప్పడం ఏ ఆఫీసరుకైనా అంత తేలిక కాదు.