ఆటనుండి పుట్టిన కథలు

మన సంఘమున నేదేని క్రొత్త వినోదము పొడసూపినప్పుడెల్ల పెద్దలు మొదట దానిని దూషింతురు. పిమ్మట చూచియు చూడనట్లుందురు. తుదకు తామే దానికి దాసులగుదురు. నవలల విషయమున నిట్లే జరిగినది. చలనచిత్రముల విషయమునను నిట్లే జరిగినది. ఇప్పుడు వంతు జపాను దేశపు బొమ్మల కథలకు వచ్చినది. వీనికి మాంగా అని పేరు. అందును వీడియో ఆటల ననుసరించి వ్రాయబడిన మాంగాలనిన విద్యావంతుల గృహములలో మఱింత యేవగింపు గలదు. "ఆటయే చెడ్డది, చెడ్డదానిని చూచి వ్రాసిన పుస్తకము మంచి దెట్లగును?" అని మన మిత్రు లడుగుచున్నారు. ఈ ప్రశ్న వినుటకు న్యాయముగ నున్నది గాని విచారింపగా నిలువజాలదు. ఆటవలన నిజముగా భయపడువారు మొట్టమొదట నాశ్రయింపవలసినది ఆ పుస్తకమునే యని మా సిద్ధాంతము.

విషయ మెట్టిదో తెలియని చదువరుల కొఱకు ముందుగా నాలుగు మాటలు చెప్పెదము. 1974లో అమెరికాయందు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దఱు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అను నొక యాటను వెలువరించిరి. స్నేహితులు కొందఱు బల్ల చుట్టు గూర్చుండి, ఒకడు వీరుడుగను, ఒకడు మాంత్రికుడుగను పాత్రలు ధరించి, పాచికలు వేయుచు, నోటిమాటతో కథను నడపుదురు. పిమ్మట నీ పద్ధతి కంప్యూటరులలో ప్రవేశించెను. 1986లో జపానున యూజి హొరీ యనునతడు 'డ్రాగన్ క్వెస్ట్' అను నాటను గల్పించెను. అందలి వీరులకును భూతములకును రూపమిచ్చినవాడు 2024లో మరణించిన ప్రసిద్ధ చిత్రకారుడు అకిరా తోరియామా. ఆ యాట నాధారముగ గొని రికు సంజో కథ వ్రాయగా, కోజి ఇనాడా బొమ్మలు గీయగా, 1989 మొదలు 1996 వఱకు నొక వారపత్రికలో వెలువడి 37 సంపుటములైన మాంగా దై యను బాలుని సాహసముల కథ. మన బాలురెల్ల నెఱిగిన పోకెమాన్ సయితము 1996లో నిట్టి యాటగనే పుట్టి, పిమ్మట మాంగాగ నవతరించినది.

ఇది యంతయు మనకు వింత యగునా? వేషము గట్టి ఆడుట యననేమో తిరుపతివారి కొకరు నేర్పవలసిన పని లేదు. ఏటేట వేసవిలో తాతయ్యగుంట గంగమ్మకు జాతర జరుగునప్పుడు భక్తులు దినమున కొక వేషము ధరింతురు. బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము; పురుషులు చీరలు గట్టి, పూలు దుఱిమి మ్రొక్కు చెల్లింతురు. ఈ వేషముల వెనుక నొక కథ గలదు. స్త్రీలను చెఱచుచుండిన పాలెగాడు తన్ను జూచి భయపడి దాగుకొనగా, గంగమ్మ వేషములు మార్చుకొనుచు వానిని వెదకి వెదకి, తుదకు దొర వేషమున గనిపెట్టి వధించెనని చెప్పుదురు. అయితే కథ వధతో ముగియలేదు. అటు పిమ్మట నామె మాతంగి రూపమున నా చచ్చినవాని భార్యను ఓదార్చినదట. చదువరులీ తుదిమాటను మనసున నుంచుకొనవలయును. మా వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది.

ఏలయనగా ఆటకు లెక్క తెలియును గాని ఓదార్పు తెలియదు. డ్రాగన్ క్వెస్ట్ వంటి యాటలో బాలుడొక భూతమును జంపిన కొన్ని నాణెములును, కొంత అనుభవమను అంకెయు లభించును. ఆ యంకె పెరిగిన కొలది వీరుడొక్కొక్క మెట్టెక్కును. వీరుడే చచ్చిన యెడల సంచిలోని సొమ్ము సగము పోవును; మరల రాజు నెదుట నిలిచియుండును. ఆ వీరునకు స్వంత పేరు లేదు, ఆడువాడు పెట్టినదే పేరు, మాటయు లేదు. ఇది యాట యొక్క దోషము గాదు, స్వభావము. వైకుంఠపాళిలో అరుకాసురుని నోట బడినవాడు పశ్చాత్తాపపడడు. తన వంతు రాగానే మరల గవ్వలు వేయును. చచ్చిన భూతమున కొక యిల్లుండునా, దానికై యేడ్చువా రెవరైన నుందురా యని ఆట అడుగదు. అడిగిన యెడల ఆట సాగదు.

దై కథను వ్రాసినవా రీ యడుగని ప్రశ్ననే పట్టుకొనిరి. ఆటలో బాలుడు చంపి నాణెము లేఱుకొను జాతి భూతములలో నొకటి యీ కథలో ఆ బాలవీరుని పెంచిన తాత. బ్రాస్ అను నా ముసలి మాంత్రిక భూతము దిక్కులేని మనుష్యశిశువును భూతముల దీవిలో సాకి, మాటలు నేర్పి, చదువు చెప్పును. హ్యుంకెల్ అను నింకొక యువకుని కథ మఱియు దారుణము. పసివాడుగ దొరకిన వానిని బార్తోస్ అను నెముకల గూడు వంటి భటుడు కన్నతండ్రివలె పెంచెను. వీరుడు రాక్షసరాజును జయించిన నాడు ఆ భటుడును నశించెను. లోకమంతయు విజయోత్సవము చేసికొనుచుండ ఆ పిల్లవాడొక్కడు తండ్రిని బోగొట్టుకొని నిలువబడెను. ఆ వీరుడే తన తండ్రిని జంపెనని నమ్మి, వాని యొద్దనే శిష్యుడై, పగను లోపల దాచుకొని పెరిగెను. పాలెగాని భార్యను మఱచిపోని మన జాతర కథకును, ఈ కథకును ఎంత దూరమున్నదో చదువరులే నిర్ణయింతురు గాక.

పాప్ అను మఱియొక బాలుడు గలడు. వాడు ఆయుధము లమ్ము వర్తకుని కుమారుడు, పిఱికివాడు. శత్రువును జూడగానే మిత్రుని విడిచి పాఱిపోవును. దారిలో నొక దొంగ మాంత్రికుడు, వాడును ఒకప్పుడు పాఱిపోయినవాడే, తగిలి నాలుగు మాటలు చెప్పగా, వడకుచునే వెనుకకు దిరిగివచ్చును. ఆటలో బలమున కంకె యున్నది, వేగమున కంకె యున్నది. సిగ్గున కంకె లేదు. పాఱిపోయి తిరిగివచ్చుట యను మనుష్యకార్యమును లెక్కించుటకు ఆటలో గడి లేదు. ఆ గడిని కథ తెచ్చిపెట్టినది. ఆటనుండి పుట్టిన కథ చేయవలసిన పని యిదియే.

ఇప్పుడు ప్రతివాదుల మాటలను విచారింతము. "ఆటనుండి పుట్టినదానికి సాహిత్యగౌరవ మెక్కడిది?" అని కొందఱు. వీరు సంస్కృతము చదివినవారైన యెడల భరతుని నాట్యశాస్త్రపు మొదటి యధ్యాయమును మరల దీసి చూతురు గాక. ఇంద్రాదులు బ్రహ్మకడ కేగి కోరినది శాస్త్రము గాదు, ధర్మబోధ గాదు. కంటితో జూడదగినదియు, చెవితో వినదగినదియునైన క్రీడనీయకమును, అనగా ఆటవస్తువును, కోరిరి. నాట్యమునకు మూలమే ఆటవస్తువని ముని చెప్పగా, ఆటనుండి పుట్టినదని యొక పుస్తకమును నీచపఱచుట మన శాస్త్రమునకే విరుద్ధము.

"ఆటలు కుటుంబములను నాశనము చేయుచున్నవి" అని మఱికొందఱు. ఇందు సత్యము లేకపోలేదు. ధనమొడ్డి ఆడు రమ్మీ మున్నగువానిని 2020లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నిషేధించినది. 2025లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని శాసనము చేసినది. ఆ శాసనములను మేము మనఃపూర్వకముగ నభినందించుచున్నాము. జూదమునకును పాత్రధారణపుటాటకును భేదము గలదు గాని, ఆ రెండవదియును మితిమీఱినచో వ్యసనమే యగును. ప్రపంచ ఆరోగ్యసంస్థవా రట్టి వ్యసనమును 2022లో అమలునకు వచ్చిన తమ రోగముల పట్టికలో జేర్చిరి. కాని పుస్తకమునకు తుది పుట యుండును. ఆటను మరల మరల నాడవచ్చును. పుస్తకము ముగిసి బాలుని తన యాలోచనకు విడిచిపెట్టును. వ్యసనమును జూచి భయపడువారు పుస్తకమును శత్రువుగ నెంచుట వైద్యునిపై గోపించి వ్యాధిని ఇంట నుంచుకొనుట వంటిది.

ఇది యూహామాత్రము గాదు. మే మెఱిగిన యొక గృహమున తండ్రి, బాగుగ జదువుకొన్నవాడు, కుమారుని సంచిలో నిట్టి సంపుటము గనబడగా కోపించి చింపివేసెను. అదే వారమున ఇంటికి బంధువులు వచ్చి మాటలాడుకొనుచుండగా, అల్లరి చేయకుండుటకై, తన చరవాణిని తానే వాని చేతికిచ్చి లోపలి గదికి బంపెను. బాలుడు మూడు గంటలు ఆడినాడు. పుస్తకము చింపబడినది, ఆట మిగిలినది. ఇట్టి గృహము లెన్ని యున్నవో చదువరులు తమ యిరుగుపొరుగులను విచారించి తెలిసికొందురు గాక.

"బొమ్మలు చూచువాడు చదువుట మానును" అని మూడవ యాక్షేపణ. శ్రీకాళహస్తి మన కెంతో దూరమున లేదు. అచ్చటి కలంకారీ పనివారు రామాయణ భారతములను గడులుగడులుగ వస్త్రముపై వ్రాసి, గడి క్రింద తెలుగున మాటలు వ్రాయుచుండిరి. ఆ కళలో ప్రసిద్ధులైన జొన్నలగడ్డ గురప్పసెట్టిగారికి 2008లో పద్మశ్రీ బిరుద మిచ్చి దేశము గౌరవించినది. గుడిలో వ్రేలాడదీసిన గడుల కథ విద్య యగునట. పుస్తకములోని గడుల కథ అవిద్య యగునట! మాంగా కుడినుండి యెడమకు జదువవలసినది. ఒక గడికిని మఱియొక గడికిని నడుమ జరిగినదానిని చదువరి తానే యూహింపవలయును. ఇది సోమరితన మెట్లగునో మాకు బోధపడకున్నది.

"పరదేశపు కథలు మన కేల?" అనువారికి జెప్పవలసినది కొంచెమే. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును వ్రాసినప్పుడు గోల్డ్‌స్మిత్ అను ఆంగ్లరచయిత నవలనుండి ప్రేరణ పొందిరి. పొందియు దానిని గోదావరీతీరపు కథగ జేసిరి. తెచ్చుకొనుట దోషము గాదు. తెచ్చుకొని తనదిగ జేసికొనలేకుండుట దోషము.

అట్లని మేమన్ని పుస్తకములను వెనకవేసికొని రాలేదు. ఆటను విక్రయించుటకై మాత్రమే వ్రాయించిన మాంగాలును గలవు. వానిలో యుద్ధము వెంబడి యుద్ధము, మెట్టు వెంబడి మెట్టు, మనుష్యుడు కనబడడు. వీనిని గుర్తించు నుపాయము సులభము. పుస్తకము మూసిన పిమ్మట బాలు నీ ప్రశ్న యడుగుడు: "ఓడినవానికి తరువాత నేమైనది?" పుస్తకమునందు దానికి బదులున్నచో అది కథ. లేనిచో ఆటకు ప్రకటన. ఈ పరీక్షను మన తెలుగు చలనచిత్రములకును బెట్టి చూడవచ్చును. ఎన్ని తేఱునో చెప్పజాలము.

ఇంతవఱకు ప్రతివాదులతో మాటలాడితిమి. ఇక మనలో మనము మాటలాడుకొనవలసిన దొకటి గలదు. దై కథకు 2022లో ఆంగ్లానువాదము వెలువడ నారంభించినది. తిరుపతి పుస్తకశాలలలో మా కంటబడిన మాంగాలన్నియు ఆంగ్లమువే. వాని వెలయు అల్పము గాదు. కావున ఆంగ్లపు బడిలో జదువు ధనికుని బిడ్డ ఆటయు నాడును, కథయు జదువును. పుంగనూరులోనో పలమనేరులోనో ప్రభుత్వపు బడికి బోవు కూలివాని బిడ్డకు తండ్రి చరవాణిలో ఆట మాత్రమే దొరకును, కథ దొరకదు. చంపుట వానికి ఉచితముగ వచ్చుచున్నది, ఓదార్చుట విక్రయింపబడుచున్నది. మనము సంస్కర్తల మని చెప్పుకొనుచున్నయెడల ఈ యన్యాయమునకు గదా సిగ్గుపడవలసినది!

తెలుగువారికి బొమ్మల కథలు క్రొత్తవి గావు. 1947 జులైలో మద్రాసునుండి వెలువడిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన మాంత్రిక కథలకు 'చిత్రా' గారు గీసిన భూతములను జూచి రెండు తరముల బాలురు నిద్ర మఱచిరి. ఆ పత్రిక నిలిచిపోయినది. దాని చోటు ఖాళీగ నున్నది. టెలివిజనువారు లాభము గనిపెట్టి పోకెమాన్ చేత తెలుగు మాటలాడించిరి. మన ప్రచురణకర్త లింకను మేల్కొనవలసియున్నారు. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1997లో కుప్పమునందు ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినవి. భాషలు చదువు విద్యార్థులకు గొదవ లేదు. హక్కుదారుల యనుమతి పొంది నాలుగు మంచి సంపుటములను తెలుగున అచ్చువేసి, ప్రతి ఉన్నతపాఠశాల పుస్తకాగారమునకు నొక్కొక్క ప్రతి నిచ్చుట యసాధ్యమా? అంతకంటె ముఖ్యముగ, గంగమ్మ వేషములను, పాలెగాని కథను గడులుగడులుగ వ్రాయగల బాలిక యొకతె యీ మండలమున నెక్కడనో గలదు. ఆమె కొక సంపుటము చూపినవారెవరు? కాగిత మిచ్చినవారెవరు?

గృహస్థులైన చదువరులను మేము ప్రార్థించున దొక్కటే. మీ బిడ్డ చేతిలో నట్టి పుస్తకము గనబడినప్పుడు లాగుకొనకుడు. ప్రక్కన గూర్చుండి ఒక సంపుటము మీరును జదువుడు. ముగిసిన పిమ్మట, ఓడినవానికి తరువాత నేమైనదని యడుగుడు. బిడ్డ చెప్పు ప్రత్యుత్తరమును బట్టి ఆ పుస్తకమును ఇంట నుంచుటయో, మాన్పించుటయో నిర్ణయింపుడు. చదువక యిచ్చు తీర్పు సంస్కారము గాదు.