ఒకే ఇంట రెండు ఋతువులు

చెన్నపురికి వేసవి క్రొత్త కాదు. 2003వ సంవత్సరము మే 31వ తేదీన ఈ నగరమున ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరినది. క్రొత్తదేమనగా, ఆ వేడిమిని మన కుటుంబములు ఎదుర్కొను తీరు. పడకగదిలో ఏ.సి. బిగించి, తలుపు మూసికొని, లోపలివారు దుప్పట్లు కప్పుకొనుచున్నారు. అదే సమయమున హాలులో పెద్దలు విసనకఱ్ఱలతో కూర్చుండియున్నారు. వంటయింట ఇల్లాలు చెమటలో తడియుచున్నది. ఇది యంత్రపు దోషము కాదు; గాలికి త్రోవ విడువని కట్టడపు దోషము.

జార్జిటౌను, చాకలిపేట, తిరువల్లిక్కేణి వీధులలో మిగిలియున్న పాత ఇండ్లను చూడుడు. నడుమ మండువా, వీధియరుగు మొదలు పెరటి వఱకు ఒకే వరుసలో ద్వారములు. సముద్రపు గాలి ఒక వైపున ప్రవేశించి గదులన్నిటిని తాకి పోవును. వేడిగాలి తేలికయై మండువా మీదుగా వెడలిపోవును. గాలిని గదులకు పంచు పని ఇంటి ఆకారమే చేయుచుండెను.

ఆ ఇండ్లన్నిటిని నిలుపుడని మేము కోరుట లేదు. వారసులు పెరిగిరి, స్థలము పెరుగలేదు, ఫ్లాట్లు తప్పవు. కాని మండువాతో పాటు దాని నీతిని గూడ పడగొట్టనేల? కేంద్ర ప్రభుత్వము 2018లో వెలువరించిన 'ఇకో నివాస్ సంహిత' మనవంటి ఉక్క ప్రాంతములకు, తెఱువదగిన కిటికీలు, వెంటిలేటర్ల వైశాల్యము నేల వైశాల్యములో సుమారు ఆఱవ వంతు ఉండవలెనని చెప్పుచున్నది. ఇది మన పెద్దల అనుభవమునకు దూరమైన మాట కాదు.

ఇదివఱకే ఫ్లాటులో నున్నవారికిని ఉపాయము కలదు. గోడకు బిగించు ఏ.సి. ఆ గది గాలినే మరల మరల చల్లబఱచునుగాని, ప్రక్క గదికి పంపదు. చల్లగాలి బరువై నేలను పట్టియుండును. వేడిగాలి పైకి చేరును. కావున గదుల నడుమ రెండు త్రోవలు వలయును: చల్లగాలి పోవుటకు క్రింద నొకటి, వేడిగాలి తిరిగి వచ్చుటకు పైన నొకటి. తలుపు తెఱచి, నేలపై చిన్న ఫ్యాను నుంచి హాలువైపు త్రిప్పినను కొంత మేలు కలుగును. అయితే యంత్రము రెండు గదులకు చాలినదై యుండవలెను. అప్పుడు బయటి కిటికీలు మూయవలెను, లేనిచో తేమగాలి చొరబడి కరెంటు వృథా యగును. వంటయింటి వేడిని మాత్రము హాలులోనికి రానీయక, ఎగ్జాస్టు ఫ్యానుతో నేరుగా బయటికే పంపవలెను.

2020 జనవరి 1 నుండి, స్టారు గుర్తు గల గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు కేంద్రము నిబంధన చేసినది. ఒక్కొక్క డిగ్రీ పెంచిన సుమారు 6 శాతము కరెంటు మిగులునని అధికారుల అంచనా. పైన ఫ్యాను తిరుగుచుండగా 26 డిగ్రీలును హాయిగానే యుండును. ఒక గదిని 18 డిగ్రీలకు దింపి, దాని వేడిని ఇఱుకు సందులో పొరుగువారి కిటికీపైకి చిమ్ముట మర్యాద కాదు.

క్రొత్త యింటి ప్లానుపై సంతకము చేయుటకు ముందు మన పాఠకులు ఒక్క పని చేయుదురుగాక. పెన్సిలు తీసికొని, గాలి ఎచ్చట ప్రవేశించునో, అవ్వ మంచము మీదుగా ఎట్లు సాగునో, ఎచ్చట వెడలునో గీయుడు. ఆ గీత గోడకు తగిలి ఆగినచో, ప్లానును ఇంజనీరునకు త్రిప్పి పంపుడు.