తోట అమ్మకముందే...

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. పీఎస్ఏ 9, గ్లీసన్ స్కోరు 7 (3+4). గ్రంథి దాటలేదన్నారు. ఒక డాక్టరు పొట్ట కోసి ఆపరేషన్ చేస్తామంటే, మరొకరు రోబోతో చేయించమన్నారు. దానికైతే అరెకరం కొబ్బరితోట అమ్మాలి. వృషణాలు తీసేస్తారని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: క్యాన్సర్ గ్రంథి దాటకపోవడం మంచి విషయం. ఇది సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. కొన్ని వారాలు ఆలోచించుకుంటే నష్టమేమీ ఉండదు.

మీ నాన్నగారికి చెప్పిన ఆపరేషన్ రాడికల్ ప్రోస్టేటెక్టమీ. ఇందులో గ్రంథి మొత్తాన్ని, దాని వెనకుండే వీర్యకోశాలను తీసేసి, మూత్రాశయాన్ని మూత్రనాళానికి కలిపి కుడతారు. కోసి చేసినా, రోబోతో చేసినా లోపల జరిగే పని ఇదే. రోబో చేతులను నడిపించేదీ సర్జనే. రోబోతో రక్తస్రావం తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. అయితే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రెండు పద్ధతులనూ పోల్చి చూస్తే మూత్రం అదుపు, లైంగిక సామర్థ్యం ఇంచుమించు ఒకేలా ఉన్నాయని 2016లో తేలింది. కాబట్టి యంత్రం కన్నా సర్జన్ అనుభవం ముఖ్యం. ఇలాంటివి ఎన్ని చేశారో మొహమాటపడకుండా అడగండి.

వృషణాలు తొలగించేది పురుష హార్మోన్‌ను తగ్గించడానికి. ముఖ్యంగా జబ్బు ఇతర భాగాలకు పాకినవారికి చేస్తారు. ఇప్పుడు అదే పనికి ఇంజెక్షన్లూ ఉన్నాయి. మీరు రాసిన రిపోర్టును బట్టి మీ నాన్నగారికి ఆ ఆపరేషన్ అవసరం కనిపించడం లేదు.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు మూత్రం చుక్కలుగా పడొచ్చు. కటి కండరాల వ్యాయామాలతో చాలామందిలో తగ్గుతుంది. అంగస్తంభన లోపమూ రావచ్చు. నరాలను కాపాడుతూ చేయడం వీలవుతుందా అన్నది ముందే తెలుసుకోండి. ఈ సంగతి నాన్నగారు మీ ఎదుట అడగలేకపోవచ్చు. కాసేపు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

రేడియేషన్ కూడా సరైన చికిత్సే. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు వర్గాలుగా చేసి ఆపరేషన్, రేడియేషన్, పరీక్షలతో గమనించడం... ఈ మూడింటినీ పోల్చారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం 15 ఏళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు ఏ వర్గంలోనైనా 100కి ముగ్గురే. కాకపోతే గమనిస్తూ వదిలేసినవారిలో జబ్బు పాకడం రెట్టింపు. అందుకే మీ నాన్నగారికి చికిత్సే మేలు కావచ్చు.

నిర్ణయానికి ముందు రేడియేషన్ నిపుణుణ్ని కూడా ఒకసారి కలవండి. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వారి హోమీబాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రిపోర్టులన్నీ తీసుకుని వెళ్లండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఏ చికిత్సకు ఎంత ఇస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. తోట సంగతి ఆ తర్వాత చూద్దురుగాని.